ఉప్పు నలభై ఎనిమిది

సచివాలయం గోడకు అంటించిన కాగితం చదవడానికి శ్రీరంగప్ప కళ్లజోడు తెచ్చుకోలేదు. చినకొర్రపల్లెకు సర్పంచి ఆయన భార్య లక్ష్మీదేవి. సర్పంచి పనులు చేసేది మాత్రం ఆయనే. ఆ మంగళవారం పొద్దున కూడా ఆమె ఇంట్లో సంగటి కెలుకుతుంటే, ఆయన వచ్చి గోడ ముందు నిలబడి, లోపల కంప్యూటరు దగ్గర కూర్చునే పిల్లను పిలిచి చదవమన్నాడు. చుట్టూ పాతికమంది చేరారు.

"చినకొర్రపల్లె, రెండో నంబరు బోరు," అని ఆ పిల్ల మొదలుపెట్టింది. "ఫ్లోరైడు లీటరుకు సున్నా పాయింటు రెండు. కరిగిన ఉప్పులు నలభై ఎనిమిది. నీరు సురక్షితం. నిధికి అర్హత లేదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒక్క క్షణంలో ఆగిపోయింది.

గుంపు చివర నీలంరంగు ప్లాస్టిక్ పెట్టె చంకన పెట్టుకుని నిలబడిన హబీబాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పెట్టెలో నీళ్లు పరీక్ష చేసే సామాను ఉంది. ఊళ్లో శిక్షణ తీసుకున్న అయిదుగురు ఆడవాళ్లలో నలుగురు మానేస్తే మిగిలింది ఆమె ఒక్కతే. నెలకోసారి బోరు నీళ్లు పరీక్ష చేసి, రంగు చూసి, లెక్క రాసుకొచ్చి ఈ సచివాలయంలో ఇస్తుంది. ఆ పని మీదే వచ్చింది.

"సురచ్చితమా? ఎవురికి సురచ్చితం?" అంటూ రామసుబ్బమ్మ ముందుకొచ్చింది. ఆమెకు అరవై దాటలేదు. నడుము వంగిపోయి ఎనభై ఏళ్లదానిలా కనబడుతుంది. కుడిచెయ్యి చాపబోయింది. మోచెయ్యి సగంలో ఆగిపోయింది. "రాయే పిల్లా, ఈ చెయ్యి సాగదీసి, మళ్లా సదువు ఆ కాగితం!"

కంప్యూటరు పిల్ల తల దించుకుంది.

ఈ ఏడు కొత్తగా నీళ్ల చట్టం వచ్చింది. ఫ్లోరైడు ఒకటిన్నర దాటిన ఊళ్లకు దూరం చెరువు నుంచి పైపులేసి, శుద్ధి చేసిన నీళ్లు ఇంటింటికీ ఇవ్వడానికి అందులో నిధి పెట్టారు. అభ్యంతరాలుంటే శనివారం సాయంత్రం లోపల రాసివ్వాలి. ఆ తర్వాత జాబితా పైకి పోతుంది. మళ్లీ జాబితా వేసేది రెండేళ్లకు. ఇవన్నీ ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

"ఇది మోసమప్పా," అన్నాడు శ్రీరంగప్ప. ఆయన గట్టిగా అరవడు. గొంతు తగ్గించేకొద్దీ ఎదుటివాళ్లకు చెమట పట్టే రకం. "మన బోరు నీళ్లు గొడ్లు గూడా మూతి తిప్పుకుంటాండాయి. ల్యాబులో సున్నా పాయింటు రెండు ఎట్లొస్తాది? ఎవుడో సీసా మార్చినాడు. వాడెవుడో తేల్చాల. చట్టంలోనే ఉండాది, తప్పుడు నీళ్లిచ్చినోనికి ఆర్నెల్లు జైలు."

హబీబా పెట్టె మీద చెయ్యి బిగించింది. నెల లెక్క ఇవ్వకుండానే వెనక్కు తిరిగింది.

సీసా ఎవరూ మార్చలేదు. ఆ నీళ్లు పోసింది ఆమే.

ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. వంటింటి మూల ముక్కాలిపీట మీద తెల్ల క్యాన్ ఉంది. మీద శుభ్రమైన గుడ్డ కప్పి, స్టీలు గ్లాసు బోర్లించి పెట్టింది. రెండు రోజులకోసారి ఆటోలో వచ్చే ఫిల్టరు నీళ్లు అవి. కూతురు నాజ్‌నీన్‌కూ, ఇంటికొచ్చే చుట్టాలకూ మాత్రమే ఆ క్యాన్ వంచుతారు. తానూ మొగుడూ తాగేది బోరు నీళ్లే. ఊళ్లో చాలా ఇళ్లలో పద్ధతి అదే. కొన్ని ఇళ్లలో పిల్లలకు కూడా క్యాన్ లేదు.

పద్దెనిమిది రోజుల కింద, మిట్టమధ్యాహ్నం, జీపు వచ్చి రెండో బోరు దగ్గర ఆగింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు వంశీ లోపలే కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. అద్దాలు మూసి ఉన్నాయి. డ్రైవరు ఓబిలేష్ దిగి బోరును ఫోటో తీసుకున్నాడు. ఖాళీ సీసా ఒకటి హబీబా చేతికిచ్చి, "కరెంటు ల్యాకపోయె కదక్కా. యాడైనా పట్టినవి ఉంటే నింపుకొని రా. సారుకు ఇంకా ఆరూళ్లుండాయి," అన్నాడు.

ఇంట్లో బిందెడు బోరు నీళ్లు ఉన్నాయి. పొద్దున పట్టినవే. హబీబా బిందె దగ్గరికే పోయింది. మూత తీసింది. సీసా మీద అంటించిన చీటీ అప్పుడు కళ్లబడింది. ఊరి పేరు, మండలం పేరు, కింద 'నీటి పరీక్షకురాలు: డి. హబీబా' అని అచ్చు అక్షరాలు. నెల లెక్కల్లా సచివాలయంలో ఉండిపోయేది కాదు, అది జిల్లా ల్యాబుకు పోతుంది. పెద్దపెద్దవాళ్లు పట్టుకుని చూస్తారు. శిక్షణలో మూడు రోజులూ వాళ్లకు చెప్పిందేమిటి? ఏ ఊరి నీళ్లు పాసైతే ఆ ఊరి ఆడమనిషిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కలెక్టరు వస్తున్నాడంటే ఊరంతా సున్నం కొట్టరా? తనిఖీ అంటే ఉన్నదాంట్లో మంచిది చూపించడమేనని ఆమెకు తెలిసిన లోకమంతా ఏళ్ల తరబడి నేర్పింది. ఈ చెడ్డ నీళ్లు తన పేరు మోసుకుని అంత దూరం పోవడం ఆమెకు సిగ్గనిపించింది. బిందె మూత పెట్టేసి, క్యాన్ వంచింది.

చెడ్డవని తేలితేనే మంచి నీళ్లు ఇస్తారని అప్పటికి ఎవరూ చెప్పలేదు. చట్టం సంగతి ఊళ్లోకి వచ్చింది తర్వాత వారానికి.

"అమ్మా, సూడు, పోయిందా?"

నాజ్‌నీన్ గుమ్మంలో నిలబడి పళ్లు చూపిస్తోంది. తొమ్మిదేళ్ల పిల్ల. కూతురు పుట్టిన చాలా ఏళ్లకు గాని ఫిల్టరు ఆటో ఈ ఊరికి రాలేదు. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు అడ్డంగా ఉన్నాయి. బడిలో ఎవరో చెప్పారని ఇటుకపొడితో తోమింది. చిగుళ్ల నుంచి సన్నగా రక్తం కారుతోంది.

"అది పోయే మరక కాదు పాపా," అనబోయి హబీబా ఆగిపోయింది. పిల్లను దగ్గరకు తీసుకుని కొంగుతో మూతి తుడిచింది. నాజ్‌నీన్ నవ్వింది. నవ్వుతూ అలవాటుగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం హబీబా మళ్లీ బోరు దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు. గాజుగొట్టంలో గీత వరకు నీళ్లు పట్టింది. మందు చుక్కలు లెక్కపెట్టి వేసింది, మూత బిగించి ఊపింది, అయిదు నిమిషాలు నీడలో పెట్టి కాచుకుంది. మంచి నీళ్లయితే మందు ఎర్రగులాబీ రంగులో నిలుస్తుంది. ఫ్లోరైడు పెరిగేకొద్దీ పచ్చగా మారుతుంది. గొట్టంలో నీళ్లు పసుపు కలిపినట్టు పచ్చగా తిరిగాయి. ఏ నెలా వేరే రంగు రాలేదు. ఆమె ఆ పచ్చనీళ్లను రాళ్ల మీద పారబోసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

బుధవారం సాయంత్రం శ్రీరంగప్ప బండి వాళ్ల వాకిట్లో ఆగింది. బుల్లెట్టు చప్పుడు సందు మొదట్లో వినగానే హబీబా చేతిలో చాట కిందికి దించింది. ఆయన వాళ్లింటికి రావడం ఓట్లప్పుడు తప్ప ఎన్నడూ లేదు.

"ఏమ్మా హబీబా, బాగుండావా? యాడ మీ ఆయన?"

"షెడ్డులో ఉండాడన్నా. మోటరు చుడతాండాడు. పిల్సుకొస్తా."

"వద్దులే. పని నీతోనే." ఆయన మంచం మీద కూర్చుని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "టౌనులో లాయరుతో రాయించినా. విను. 'నేను స్వయంగా రెండవ నంబరు బోరు నుండి నీరు పట్టి సీసా నింపి అధికారికి ఇచ్చితిని. సదరు అధికారి దురుద్దేశంతో దానిని మార్చినాడు.' కింద నీ సంతకం. పైన మా లక్ష్మీదేవి సర్పంచిగా పెడతాది. ఎల్లుండి పొద్దున పదికి బోరు కాడ సభ. ఆ ఇంజనీరును గూడా పిలిపిస్తాండా. అందరి ముందర నువ్వు సంతకం పెట్టాల."

హబీబా ఆ కాగితం వైపు చూసి చూపు తిప్పుకుంది. మర్యాద గుర్తొచ్చి క్యాన్ దగ్గరికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన గటగటా తాగాడు.

"ఆ పిల్లోడు... ఆ సారు అట్ల చేసింటాడా అన్నా?"

"నువ్వు నింపిచ్చినావు కదా?"

"ఇచ్చినా."

"బోరు నీళ్లే కదా?"

ఆమె గ్లాసు వైపు చూసింది. ఆయన కూడా ఆమె చూపు వెంటే గ్లాసు వైపు చూశాడు. చేతిలో గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"నింపినాకనే ఇచ్చినానన్నా," అంది.

"అంతే మరి. ఇచ్చినోళ్లది తప్పయితే ఇచ్చినోళ్లు పోతారు జైలుకు, మార్చినోళ్లది తప్పయితే మార్చినోళ్లు. నీకేమి భయం?" ఆయన లేచాడు. "నాకు ఊరికి నీళ్లు రావాల. దానికి ఒక మనిషి కావాల. అంతే."

బుల్లెట్టు పోయాక కూడా చాలాసేపు ఆ మాట వాకిట్లోనే ఉన్నట్టనిపించింది. దానికి ఒక మనిషి కావాల.

ఆమె షెడ్డుకు పోయింది. మొగుడు ఫకృద్దీన్ కాలిపోయిన మోటరు విప్పి, మాడిన తీగను చుట్టలు చుట్టలుగా లాగుతున్నాడు. ఊళ్లో కాలిపోయే మోటర్లలో సగానికి పైగా శ్రీరంగప్పవీ ఆయన తమ్ముళ్లవే. ఆమె చెప్పడం మొదలుపెట్టినప్పుడు అతను తీగ లాగుతూనే విన్నాడు. క్యాన్ మాట దగ్గర చేతులు ఆగాయి.

"ఇంకెవురికైనా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు." అతను తలెత్తలేదు. "సంతకం పెట్టేయ్. శ్రీరంగప్పా ఆ ఇంజనీరూ వాళ్లూ వాళ్లూ సూసుకుంటారు. ఆఫీసరుకు ఏమయితాది? ట్రాన్స్‌ఫరు చేస్తారు, అంతే. నిన్నయితే..." అని ఆపేశాడు. వేళ్లకు నల్లగా మసి అంటుకుని ఉంది. తీగ కొస దొరక్క రెండుసార్లు తడుముకున్నాడు. కరెంటు తీగలను వట్టి చేతుల్తో పట్టుకునే ఈ మనిషి భయపడడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"సంతకం పెడితే నీళ్లొస్తాయా?"

"కేసయితాది. కోర్టు. ఎప్పుడో వొస్తాయి."

"ఎప్పుడో అంటే?"

ఫకృద్దీన్ మళ్లీ మోటరు మీదికి వంగాడు. తీగ మళ్లీ లాగడం మొదలుపెట్టాడు.

గురువారం పొద్దున, నాజ్‌నీన్‌ను బడికి పంపి, హబీబా అనంతపురం బస్సెక్కింది. మొగుడికి అక్క ఇంటికని చెప్పింది. చీర మార్చుకుంది, నీలం పెట్టె మాత్రం తెచ్చుకుంది. అది చేతిలో ఉంటే ఎవరైనా అడిగినప్పుడు పని మీద పోతున్నానని చెప్పవచ్చు. శింగనమల చెరువు పక్కగా బస్సు పోతుంటే ఆడవాళ్లంతా కిటికీల్లోంచి నీళ్లెంతున్నాయో చూశారు. హబీబా చూడలేదు. ఏమి చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటోంది. తప్పయింది సార్. తెలియక చేసినా సార్. మీరు మళ్లా ఒక సీసా పట్టుకోండి సార్. పెద్దాఫీసులో ఉన్నవాళ్లకు అన్నీ తెలుసు, దిద్దే దారి కూడా తెలిసే ఉంటుంది. తిడతారు. తిట్టనీ. తిట్టించుకోవడానికే పోతున్నాననుకుంటే ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

నీళ్లాఫీసు వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఓబిలేష్ అటుగా పోతూ ఆమెను చూసి ఆగాడు. చేతిలోని పెట్టె చూశాడు. గబగబా లోపలికి పోయాడు. నిమిషంలో వంశీయే బయటికి వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. కృష్ణా జిల్లా మనిషి. వచ్చి ఆర్నెల్లు కాలేదు. ఎండకు ముక్కు మీద చర్మం ఊడి ఉంది.

"ఇక్కడొద్దమ్మా. ఇలా రండి," అని ఆఫీసు వెనక ఓవర్‌హెడ్ ట్యాంకు నీడలోకి తీసుకుపోయాడు.

హబీబా వల్లె వేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పి, తిట్టు కోసం తల వంచుకుని నిలబడింది. తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే వంశీ ముఖంలో రక్తం లేదు.

"ఈ మాట ఇంకెవరికి చెప్పారు?"

నిన్న షెడ్డులో మొగుడు అడిగిన మాటే. అదే గొంతు.

"మా ఇంటాయనకు సార్."

"ఆయనతోనే ఆపండి." అతను చేతిలోని పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నాడు. "చూడండి, ఊరు ఎక్కడికీ పోదు. రెండేళ్లకు మళ్లీ జాబితా వేస్తారు. అప్పుడు సరిగ్గా తీద్దాం. నేనే వచ్చి తీస్తాను."

"రెండేళ్లా సార్?"

"రేపు సభలో శ్రీరంగప్పగారు మిమ్మల్ని ఏదో సంతకం అడుగుతున్నారట కదా. అది పెట్టొద్దు. ఇదీ చెప్పొద్దు. అసలు రేపు మీరు సభకు రాకండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి."

హబీబాకు అప్పుడు గోడ మీది కాగితం గుర్తొచ్చింది. కంప్యూటరు పిల్ల చదివిన రెండో అంకె. శిక్షణలో చెప్పింది కూడా గుర్తొచ్చింది. ఈ జిల్లాలో ఏ బోరు నీళ్లయినా ఉప్పులు ఏడెనిమిది వందలకు తగ్గవు.

"ఉప్పు నలభై ఎనిమిదని వచ్చిందే సార్. మీరు చూసినారా?"

పెన్ను మూత చేతిలోంచి జారి కింద పడింది. అతను వంగి తీసుకోలేదు.

"చూశాను," అన్నాడు చివరికి. "రిపోర్టు వచ్చిన రోజే చూశాను. నేలలోంచి వచ్చే నీళ్లకు నలభై ఎనిమిది రాదు. ఫిల్టరు నీళ్లని చూడగానే తెలిసింది."

"మరి?"

"ఫారంలో సేకరించినవారు అన్నచోట నా సంతకం ఉందమ్మా. బోరు దగ్గర నా చేత్తో పట్టానని రాసి సంతకం పెట్టాను. నేను జీపు దిగనేలేదు." "నాకింకా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే... ప్లీజ్. మీరిక్కడికి వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియకూడదు."

తన కూతురి పళ్లు, రామసుబ్బమ్మ మోచెయ్యి, రెండేళ్లు. అన్నీ ఈ పిల్లోడి సంతకం కింద అణిగి ఉన్నాయని ఆమెకు అర్థమయింది. కోపం రావలసిన చోట ఆమెకు భయమే వచ్చింది. వచ్చేటప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ భయం. ఇప్పటిదాకా పైన ఎవరో ఉన్నారనీ, చెబితే దిద్దుతారనీ అనుకుంది. పైన ఉన్నది ఈ పిల్లోడే, తనకంటే ఎక్కువ వణికిపోతున్నాడు. ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆమె వంగి పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టింది. "పోయొస్తా సార్," అంది.

శుక్రవారం పదికి ముందే బోరు చుట్టూ జనం చేరారు. షామియానా వేయలేదు. రామసుబ్బమ్మ రాతి మీద కూర్చుంది. శ్రీరంగప్ప కుర్చీ వేయించుకున్నాడు, పక్కన ఇంకో కుర్చీలో లక్ష్మీదేవి కొంగు కప్పుకుని కూర్చుంది. జీపు కొంచెం దూరంలో ఆగింది. వంశీ దిగి దాని పక్కనే నిలబడ్డాడు. హబీబా వస్తుందా రాదా అని సందులోకే చూస్తున్నాడు.

ఆమె వచ్చింది. ఒక చేతిలో నీలం పెట్టె, ఇంకో చేతిలో స్టీలు గ్లాసు బోర్లించిన చెంబు. వెనకాల పదడుగుల దూరంలో ఫకృద్దీన్ వస్తున్నాడు. రాత్రి అన్నాలప్పుడు తాను ఏమి చేయబోతోందో చెబితే అతను కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. పొద్దున కూడా మాట్లాడలేదు. ఇప్పుడు భుజాన పానాల సంచీ వేసుకుని వచ్చాడు.

"రామ్మా," అన్నాడు శ్రీరంగప్ప. కాగితం తొడ మీద పెట్టి, పెన్ను చాచాడు. "ఈడ పెట్టు సంతకం."

హబీబా పెన్ను తీసుకోలేదు. నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది. రెండు గాజుగొట్టాలు బయటికి తీసింది. మొగుడి వైపు చూసి, "ఒక్కసారి మోటరు ఎయ్యి," అంది.

ఫకృద్దీన్ కదల్లేదు. అందరూ అతని వైపు చూశారు. అతను శ్రీరంగప్ప వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. తర్వాత స్టార్టరు డబ్బా దగ్గరికి పోయి మీట నొక్కాడు. బోరు దగ్గి, దగ్గి, నీళ్లు పోసింది.

ఒక గొట్టంలో బోరు నీళ్లు పట్టింది. ఇంకోదాంట్లో చెంబులోవి పోసింది. చుక్కలు లెక్కపెడుతుంటే ఒకటి తప్పిపోయింది. మళ్లీ గొట్టం కడిగి మొదటినుంచి వేసింది. మూతలు బిగించి, ఊపి, రాతి నీడలో పక్కపక్కన నిలబెట్టింది.

"ఏందిది?" అన్నాడు శ్రీరంగప్ప.

"అయిదు నిమిషాలన్నా."

ఆ అయిదు నిమిషాల్లో జనం మెల్లమెల్లగా రాతి చుట్టూ దగ్గరికి జరిగారు. రంగు తిరగడం అందరికంటే ముందు చూసింది రామసుబ్బమ్మే, ఆమెకు వంగి చూడవలసిన పని లేదు కదా. ఒకటి పచ్చగా తిరిగింది. ఒకటి ఎర్రగులాబీ రంగులోనే ఉండిపోయింది.

హబీబా లేచి నిలబడింది.

"ఈ పచ్చది మన బోరుది. ఎర్రగా ఉండేది మా ఇంట్లో క్యాన్ నీళ్లు. ఆ పొద్దు సీసాలో పోసింది ఈ ఎర్రవే. ఎవురూ మార్చల్యా. నేనే పోసినా."

గుంపులోంచి ఒక్కసారిగా గొంతులు లేచాయి. ఎవరో బూతు తిట్టారు. ఇంకెవరో "దుడ్లెంత తీసుకున్యావే?" అని అరిచారు. హబీబా రెండు చేతులతో పెట్టెను పొట్టకు అదుముకుంది. శ్రీరంగప్ప లేచి దగ్గరికి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వా? మొన్న నీ ఇంట్లో కూర్చోని నీ చేతి నీళ్లు తాగినా. అప్పుడు చెప్పకూడదా? ఇప్పుడు నా కాగితంలో ఎవురి పేరు రాసుకోమంటావు?"

"నా పేరు రాయన్నా," అంది. "చెడ్డ నీళ్లు మన పేరు మీద పంపేకి సిగ్గయింది. అంతే. రాసుకో."

"ఆయమ్మ పేరు రాస్తే నా పేరు గూడా రాయాల."

మాట్లాడింది లక్ష్మీదేవి. నాలుగేళ్లలో సభలో ఆమె గొంతు వినడం ఊరికి అదే మొదలు. శ్రీరంగప్ప తిరిగి చూశాడు.

"కలెక్టరొచ్చినప్పుడు మన ఇంట్లో ఏ నీళ్లు పెట్టినాం? బోరువా? క్యాన్ నీళ్లే కదా," అంది ఆమె, మొగుణ్ణి కాకుండా నేలను చూస్తూ. "ఆయప్ప తాగి, నీళ్లు బాగుండాయే అని పాయె. మనం గూడా బాగుండాయి సార్ అంటిమి. రామసుబ్బక్కా, నువ్వయితే ఏమి పోసిందువు?"

రామసుబ్బమ్మ రెండు గొట్టాల వైపూ చూసింది. "మా ఇంట్లో క్యాన్ లేదు," అంది. "ఉంటే అదే పోసిందును."

అరుపులు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. హబీబా అప్పుడు జీపు వైపు తిరిగింది. వంశీ ఆమెను చూస్తున్నాడు. నిన్న ట్యాంకు నీడలో చూసిన ముఖమే. మిగతా సగం కూడా ఇప్పుడు చెప్పేస్తుందని అతనికి తెలుసు. ఆమె కూడా రాత్రంతా దాన్ని గురించే ఆలోచించింది. తన తప్పు ఒక్కటే చెబితే శనివారం లోపల కాగితం కదలదు. కదిలించగలిగినవాడు అతనొక్కడే.

"సార్ ఆ పొద్దు జీపు దిగలే," అంది. గట్టిగానే అంది. "ఈ పొద్దు దిగినాడు. ఇప్పుడు ఆయన చేత్తోనే పట్టుకోమందాం."

జనం అందరూ అటు తిరిగారు. శ్రీరంగప్ప కళ్లు చిన్నవయ్యాయి. వంశీ జీపు తలుపు పట్టుకున్నాడు. ఓబిలేష్ జీపులోంచి ఖాళీ సీసా తీసి అతని ముందుకు చాచాడు.

అతను నడిచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. సీసాను మూడుసార్లు బోరు నీళ్లతోనే కడిగాడు, పైపు కింద పెట్టి అంచు దాకా నింపాడు, మూత బిగించాడు. చొక్కా ముందంతా తడిసింది. చీటీ మీద పేరూ, తేదీ, టైమూ రాసి సంతకం పెట్టాడు.

"ఇది ఒక్కటే చాలదు," అన్నాడు మెల్లగా. "ముందు తీసిన నమూనా బోరుది కాదని అభ్యంతరం కూడా పోవాలి."

"అయితే రాయండి సార్," అంది లక్ష్మీదేవి. "మీరు రాస్తే కింద నేను పెడతా. సర్పంచిని నేనే కదా."

శ్రీరంగప్ప చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. వంశీ జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. నాలుగు వరుసలు రాయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి దూరంగా ఎటో చూశాడు. 'నేను స్వయంగా సేకరించలేదు' అన్న ముక్క రాసేటప్పుడు పెన్ను నిబ్బు కాగితాన్ని చింపింది. లక్ష్మీదేవి సంతకం పెట్టింది. సాక్షిగా హబీబా పెట్టింది. లాయరు రాసిన కాగితాన్ని శ్రీరంగప్ప చించలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉంటుందని హబీబాకు తెలుసు. ఆ భయం ఇప్పట్లో పోయేది కాదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. జనం ఒక్కొక్కరే కదిలారు. వంశీ నిండు సీసాను చంకలో పెట్టుకుని, పెదాలు తడుపుకుంటూ జీపు వైపు అడుగేశాడు.

"సార్," అంది హబీబా.

చెంబులో మిగిలిన నీళ్లు గ్లాసులోకి వంచి అతని ముందు పెట్టింది. అతను గ్లాసు వైపు చూశాడు, చంకలోని సీసా వైపు చూశాడు. చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఈ గ్లాసులోవి ఏ నీళ్లోనన్న అనుమానం అతని కళ్లలో తెలిసిపోతూనే ఉంది.

"తాగండి సార్. అవి క్యాన్ నీళ్లే," అంది. "తాగేది ఇది. తీసకపోయేది అది."

వంశీ గ్లాసు తీసుకుని తాగాడు. తాగి, దాన్ని తిరిగి ఇవ్వడానికి చాలాసేపు చెయ్యి రాక, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.